పిచ్చిక బండి మీద రెండో సాక్ష్యం

1987వ సంవత్సరం మార్చి నెల 9వ తేదీ, సోమవారం. గుంటూరు జిల్లా నరసరావుపేట టౌను, పల్నాడు రోడ్డులో కాపురముంటున్న, కీర్తిశేషులు షేక్ మస్తాన్ కుమారుడు షేక్ గులాం మొహిద్దీన్ అనే నేను, వయసు అరవై అయిదు, వృత్తి మోటారు మెకానిక్కు, చెప్పి వ్రాయించిన వీలునామా.

నాకు గుండె జబ్బు ఉంది, మతి మాత్రం సరిగానే ఉంది. గుంటూరు డాక్టరుగారి చీటీ దీనికి జతపరిచాను. ఈ కాగితం వ్రాస్తున్న దస్తావేజు లేఖరి రామకోటయ్యగారు నన్ను మూడుసార్లు అడిగారు, ఎవరైనా బలవంతం చేస్తున్నారా అని. బలవంతం చేసేవాళ్లు ఉన్నారు. అయితే వాళ్లు వ్రాయమని కాదు, వ్రాయవద్దని చేస్తున్నారు. కనుక ఇది నా ఇష్టపూర్వకంగా వ్రాయించినదే. ఇంతకుముందు నేను ఏ వీలునామా వ్రాయలేదు.

1. నా వారసులు ముగ్గురు: భార్య షంషాద్ బేగం, కొడుకు ఫరీద్, కూతురు ముంతాజ్. ఇల్లు, షెడ్డు, షెడ్డు వెనక ఖాళీ స్థలం మా షరియత్ ప్రకారం ఎవరి వాటా వాళ్లకు చెందుతాయి. అందులో నేను మార్చేది లేదు.

నా చేతి పనిముట్ల పెట్టె మాత్రం ముంతాజ్ తీసుకోవాలి. దీనికి మిగతా ఇద్దరూ నా ఎదుట ఒప్పుకున్నారు. ఫరీద్‌కు ఏ పానా ఏ నట్టుకు పడుతుందో ఇప్పటికీ తెలియదు. ముంతాజ్ పదేళ్లప్పుడే వంటింట్లో కూర్చుని, "అబ్బా, ఆ లారీ మూడో సిలిండరు కొట్టడంలా" అని చెప్పేది. అది నిజమయ్యేది. ఆడపిల్లకు ఈ పని ఎందుకని నేనే ఆపాను. ఆ తప్పుకు ఈ పెట్టె చాలదు. సత్తెనపల్లిలో అల్లుడి ఆటో చెడిపోతే తనే బాగు చేసుకుంటోందని విన్నాను. సంతోషం.

2. ఈ వీలునామాను అమలు జరిపే ఎగ్జిక్యూటరుగా మా వీధిలో ఉండే రిటైర్డు పోస్టుమాస్టరు కృపాదానంగారిని నియమిస్తున్నాను. నలభై ఏళ్లు ఊరందరి ఉత్తరాలు చేతుల్లో పెట్టుకుని ఒక్కటీ విప్పి చూడని మనిషి. ఇది మాత్రం విప్పి, పెద్దగా చదవాల్సి ఉంటుంది. ఆయన ఒప్పుకున్నారు.

3. ఇక షెడ్డులో టార్పాలిను కింద ఉన్న చిన్న రేసు కారు సంగతి. ఇది 1934లో ఇంగ్లండులో తయారైంది. తలుపులు లేవు, పైకప్పు లేదు, ఇద్దరు కూర్చోవచ్చు. అల్యూమినియం రేకు ఒళ్లు, వెనక వైపు పడవ మొనలా సన్నబడి ఉంటుంది. ఇంజను ఇద్దరు మనుషులు ఎత్తి బల్ల మీద పెట్టగలిగినంత చిన్నది. బ్రేకులు నూనెతో పనిచేసేవి కావు. పెడలు నుంచి చక్రాల దాకా ఉక్కుతీగలు పోయి లాగుతాయి. చదివేవాళ్లు ఈ తీగల సంగతి మనసులో పెట్టుకోవాలి. బూడిద రంగులో, నేలను అంటుకుని పోయేది కనుక ఈ పక్క జనం దాన్ని పిచ్చిక బండి అన్నారు.

మా మతాచారం ప్రకారం పరాయివాళ్లకు ఆస్తిలో మూడో వంతుకు మించి వ్రాయాలంటే వారసులు ఒప్పుకోవాలని లాయరుగారు చెప్పారు. పోయిన ఏడాది బొంబాయి నుంచి వచ్చి ఫోటోలు తీసుకుపోయిన పెద్దమనిషి మాట నిజమైతే, ఈ బండి ఒక్కటే నా ఇల్లూ షెడ్డూ కలిపినదానికంటే ఎక్కువ. నా మటుకు నాకు ఇది ఆస్తి కాదు, అమానత్తు. ఒకరికి చెందాల్సింది నా దగ్గర ఉండిపోయింది. అయినా చట్టం చట్టమే కనుక, నా వారసుల సంతకాల కోసం కింద చోటు వదిలించాను. ఈ రోజుకు షంషాద్ వేలిముద్ర వేసింది, ముంతాజ్ సంతకం పెట్టింది. ఫరీద్ పెట్టలేదు.

4. బండి ఎవరెవరి చేతులు మారిందో చెప్పాలి.

మొదట దాన్ని మద్రాసు రేవులో దించుకుని మాచర్లకు తెచ్చింది విల్మాట్ దొర. రైలు వంతెనల ఇంజనీరు. మా నాన్న మస్తాన్ ఆయన దగ్గర ఫిట్టరు. దొర సాయంత్రం పూట గురజాల రోడ్డు మీద ఒక్కడే దుమ్ము లేపుకుంటూ తోలేవాడు. 1947లో దేశం వదిలిపోయేటప్పుడు, దీన్ని పందెంలో తోలేవాడికే ఇస్తానని పట్టుబట్టాడు. తోలిస్తానని మాట ఇచ్చి కొనుక్కున్నది నరసరావుపేట పత్తి మిల్లు యజమాని పుల్లారావుగారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. ఆయన గురించి మంచి చెప్పాల్సి వస్తే ఇదే చెబుతాను.

పుల్లారావుగారికి బండి మీద మోజు ఎక్కువ, తోలడం తక్కువ. మొదటి నెలలోనే రెండుసార్లు కాలవగట్టు ఎక్కించారు. అప్పుడు రెంటచింతల నుంచి అంతోనిని పిలిపించారు. కథోలిక కుటుంబం, లారీ డ్రైవరు, పొట్టి మనిషి, ఆ సీటుకు కొలిచి చేసినట్టు ఉండేవాడు. వాడు తోలడం, నేను ఇంజను చూడడం, పందెంలో పక్క సీట్లో కూర్చుని ఆయిలు పంపు కొట్టడం. పదేళ్లు అలా నడిచింది. వాడు నన్ను భాయ్ అనేవాడు. వాడి భార్య రూతమ్మ నన్ను అన్నా అని పిలిచి, నేను వెళ్లిన ప్రతిసారీ పచ్చిపులుసు చేసి పెట్టేది.

1955లో మద్రాసు దగ్గర షోలవరం మైదానంలో చిన్న కార్ల పందెం గెలిచాం. కప్పు మీద పుల్లారావుగారి పేరు చెక్కారు. ఫోటోలో స్టీరింగు దగ్గర ఆయనే కూర్చున్నారు. అంతోని ఫోటో తీసేవాడి వెనక నిలబడ్డాడు. చక్రం తుడుస్తున్న నేను సగం పడ్డాను. ఊరికి వచ్చాక జనం మాత్రం అంతోని చెయ్యి పట్టుకుని ఊపారు. "ఏం తోలావురా!" అన్నారు. ఆ ఇంజను విప్పి, గీకి, మూడు నెలలు దాని పక్కనే తిని పడుకున్నవాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు. నాకు అసూయ పుట్టింది. అంతోని నాకేం చెయ్యలేదు. ఊరికే పుట్టింది. ఈ మాట ఇంతవరకు నేను భార్యకు కూడా చెప్పలేదు.

5. 1958 మే నెల 11వ తేదీ, ఆదివారం.

మాచర్ల బస్సుల యజమాని ఒకాయన పుల్లారావుగారితో పందెం కట్టాడు, పొద్దుటి రైలుతో పాటు బయల్దేరి గురజాల రైలు గేటుకు పిచ్చిక బండి రైలుకంటే ముందు చేరుకోలేదని. పుల్లారావుగారు నన్ను పిలిచి, "బండి సిద్ధమేనా?" అన్నారు. ముందు చక్రాల బ్రేకు తీగ నలిగి ఉంది. కొత్తది మద్రాసు నుంచి రావాలి. ఆ మాట చెప్పి ఉంటే పందెం వారం వాయిదా పడేది. అంతోని కూడా అక్కడే ఉన్నాడు. వాడి ముందు నా పని పూర్తి కాలేదని చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. "సిద్ధమే" అన్నాను. పాత తీగనే మెలిపెట్టి, టంకం పోసి, గ్రీజు రాసి బిగించాను. షెడ్డు ముందు తొక్కి చూస్తే ఆగింది. "కొత్త తీగ వేశావా భాయ్?" అని అంతోని అడిగితే తల ఊపాను.

ఆ ఆదివారం పొద్దున మాచర్ల స్టేషను బయట చివరిసారి కిందికి దూరి వేలు పెట్టి తడిమాను. టంకం పక్కన ఒక పోగు లేచి వేలికి గుచ్చుకుంది. దాని అర్థం నాకు తెలుసు. బయటికి వచ్చేసరికి చుట్టూ జనం, దండలు, రైలు కూతకు సిద్ధంగా ఉంది. నోరు తెరవాలి. తెరవలేదు. "కడుపులో నొప్పిగా ఉంది, నేను కూర్చోలేను" అని మాత్రం అన్నాను.

రూతమ్మ తమ్ముడు జోజి అక్కడే ఉన్నాడు. ఇరవై నాలుగేళ్లు, మాచర్లలో బడిపంతులు. "నేను కూర్చుంటా బావా, పంపు కొట్టడమేగా!" అని ఎగిరి కూర్చున్నాడు.

నేను అంతోని దగ్గరికి వంగి, "వాగు దగ్గర మెల్లగా పోరా" అన్నాను.

"పందెంలో మెల్లగా ఏంది భాయ్!" అని నవ్వి కళ్లజోడు దించుకున్నాడు.

రెంటచింతల దాకా బండి రైలుకు ముందే ఉంది. పూజ అయిపోయి కథోలిక గుడి బయటికి వచ్చినవాళ్లంతా రోడ్డుకు రెండు వైపులా నిలబడ్డారు. ఏడాది బిడ్డ నిర్మలను చంకనెత్తుకుని రూతమ్మ కూడా నిలబడింది. భర్తనూ తమ్ముణ్ణీ ఒకే బండిలో చూసి చెయ్యి ఊపింది. ఊరు దాటి దిగుడులో, వాగు కల్వర్టుకు ముందు, కూలీలతో నిండిన రెండెడ్ల బండి అడ్డంగా రోడ్డు ఎక్కింది. అంతోని బ్రేకు తొక్కాడు. తీగ తెగింది. ఎడ్లబండిలో తొమ్మిది మంది ఉన్నారు. వాళ్లను తప్పించడానికి వాడు స్టీరింగు పక్కకు కోసి బండిని కల్వర్టు గోడకు కొట్టాడు. జోజి ఎగిరి వాగు రాళ్ల మీద పడ్డాడు. అక్కడికక్కడే పోయాడు. అంతోనికి పక్కటెముకలు, ఎడమ చెయ్యి విరిగాయి. ఎడ్లబండిలో ఒక్కరికీ గీత కూడా పడలేదు.

పుల్లారావుగారి పెద్ద కారులో మేము వెనకే వచ్చాం. అప్పటికి రూతమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుంది. జనం అంతోనిని లాగుతున్నారు. నేను చేసిన పని ఇది: బండి కిందికి దూరాను. టంకం దగ్గర తెగిన తీగ ముక్కను కత్తిరించి జేబులో వేసుకున్నాను.

ఆ రోజు రైలు గురజాలకు టైముకే చేరింది.

6. సాయంత్రం మిల్లు ఆఫీసులో పుల్లారావుగారు తలుపు వేసి, "ఒరేయ్ గులామూ, నువ్వు జేబులో ఏం వేసుకున్నావో నేను చూశాను" అన్నారు. "బ్రేకు అంటే నువ్వూ పోతావు, నేనూ పోతాను. మనిద్దరం ఎందుకురా? తోలింది వాడు."

అవి మద్యనిషేధం రోజులు. బండి సీటు కింద సారాసీసా దొరికిందని పంచనామాలో వచ్చింది. దాన్ని అక్కడ పెట్టింది పుల్లారావుగారి మనిషి. పెడుతుంటే నేను చూశాను. నవంబరు 20వ తేదీన నేను కోర్టు బోనెక్కి ప్రమాణం చేసి రెండు మాటలు చెప్పాను. బ్రేకులు కొత్తవి అని ఒకటి. పొద్దున అంతోని నోటి నుంచి సారా వాసన వచ్చిందని రెండోది. రెండూ అబద్ధం. అంతోనికి రెండేళ్లు జైలు పడింది. కోర్టును తప్పు పట్టడానికి లేదు, నా మాట నమ్మింది.

అదే రోజు సాయంత్రం పుల్లారావుగారు, విరిగిన బండిని నాకు ఉచితంగా ఇచ్చినట్టు తన చేత్తో ఉత్తరం వ్రాసి ఇచ్చారు. ఉత్తరం మీద 20-11-1958 అని తేదీ ఉంది. నేను పిచ్చిక బండికి యజమానినయ్యింది ఇలా.

7. 1961లో అంతోని జైలు నుంచి వచ్చాక ఒక మధ్యాహ్నం నా షెడ్డుకు వచ్చాడు. కొడతాడనుకుని చేతిలో పానా గట్టిగా పట్టుకున్నాను. వాడు బండి దగ్గరికి పోయి, వంగిన బానెట్టు మీద చెయ్యి పెట్టి నన్ను అడిగాడు.

"భాయ్, నేను బ్రేకు తొక్కాననే అనుకుంటున్నా. అందరూ లేదంటున్నారు. రూతు కూడా లేదంటది. నిద్రలో కూడా కాలు తొక్కుతానే ఉంటది. నిజం నువ్వు చెప్పు. తెగిందా, నేనే తొక్కలేదా?"

తీగ ముక్క వాడికి నాలుగడుగుల దూరంలో, బీడీల డబ్బాలో ఉంది. "నాకేం తెలుసురా, నేను బండిలో లేనుగా" అన్నాను.

వాడు తల ఊపి వెళ్లిపోయాడు. కోర్టులో చెప్పిన అబద్ధానికి భయం కారణమని చెప్పుకోవచ్చు. ఈ అబద్ధానికి నా దగ్గర కారణం లేదు. తర్వాత వాడు విజయపురి సౌత్‌లో డ్యాము పనుల్లో రోలరు హెల్పరుగా చేరాడు. మళ్లీ స్టీరింగు పట్టలేదు. 1971లో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. నేను వెళ్లలేదు.

బండిని మాత్రం ఇరవై ఏళ్లు పట్టి బాగు చేశాను. ఎందుకు చేశానో నాకు సరిగా తెలియదు. రేకు మళ్లీ సాపు చేశాను, గేర్లు మద్రాసు పాత ఇనుము కొట్లలో వెతికి తెచ్చాను. బ్రేకు తీగలు నాలుగూ కొత్తవి. రోడ్డెక్కించలేదు.

8. పుల్లారావుగారు పోయిన తర్వాత మిల్లు ఆయన కొడుకు ఆనందరావుగారిది. నా కొడుకు ఫరీద్ అక్కడే ఫోర్‌మన్. పాత కార్ల ఊరేగింపులు ఇప్పుడు పెద్ద పట్నాల్లో ఫ్యాషను. మద్రాసులో జరిగేదానికి తండ్రి కప్పుతో పాటు ఈ బండిని తీసుకుపోవాలని ఆనందరావుగారి కోరిక. పోయిన నెల ఇద్దరు మనుషులతో షెడ్డుకు వచ్చారు.

"ఆర్.సి. బుక్కు మా బీరువాలో ఉంది, మా నాన్న పేరు మీదే ఉంది. బండి తోలించుకుపోతాను" అన్నారు.

"మీ నాన్నగారి ఉత్తరం ఉంది నా దగ్గర" అన్నాను.

"చూపించు. దాని మీద తేదీ ఏందో అందరూ చూస్తారు. ఆ రోజు నువ్వు ఎక్కడున్నావో కూడా చూస్తారు. మా నాన్న ఎటూ పోయాడు. జైలుకు పోయేది నువ్వు. నీ కొడుకు సంగతి నీకు తెలుసుగా."

బండి నాది అని నిరూపించాలంటే నా అబద్ధాన్ని నేనే బయటపెట్టాలి. ఆ ఉత్తరాన్ని ఇరవై ఎనిమిదేళ్లు నా ధీమా అనుకున్నాను. ఆ సాయంత్రమే ఛాతీలో నొప్పి వచ్చి గుంటూరు తీసుకుపోయారు.

9. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి, ఎవరికీ చెప్పకుండా టాక్సీలో రెంటచింతల పోయాను. రూతమ్మ వాకిట్లో మిరపకాయలు ఏరుతోంది. నిర్మల సెలవుకు వచ్చి ఉంది. విజయపురి సౌత్‌లో టీచరు. తీగ ముక్క రూతమ్మ ముందు పెట్టి, నేలమీద కూర్చుని, పైన వ్రాసినదంతా చెప్పాను. నేను చచ్చాక బండి నిర్మలకు వచ్చేటట్టు, ఈ నిజం అందులో ఉండేటట్టు వీలునామా వ్రాస్తానన్నాను.

ఆమె తీగను ముట్టుకోలేదు. తర్వాత చెప్పిన మాటలు ఆమె చెప్పినట్టే వ్రాయమని రామకోటయ్యగారిని కోరాను.

"పది సంవత్సరాలు ఆ మనిషితో ఒకే ఇంట్లో ఉన్నా. చేతికి అన్నం పెట్టలేదు. గిన్నె ముందర పెట్టి పోయేదాన్ని. నా తమ్ముణ్ణి తాగి చంపాడని. ఆయన 'తాగలేదే రూతూ' అంటే మొహం తిప్పుకున్నా. ఇప్పుడు చెప్తావా నాకు?"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"బండి ఎవరికి కావాలి? తెచ్చి గుమ్మంలో పెడితే తగలబెడతా. చచ్చాక చెప్పడం ఏంది? కోర్టులో బతికుండే చెప్పావుగా. ఇది కూడా బతికుండగా చెప్పు. ఆ రోజు ఏ రోడ్డున వచ్చిందో ఆ రోడ్డునే, మాచర్ల నించి ఆ బండిలో రా. ఆదివారం పూజ అయినాక గుడి ముందర అందరూ ఉంటారు. ఆడ నిలబడి చెప్పు."

నిర్మల నన్ను గేటు దాకా దిగబెట్టి, "మీకు ఆరోగ్యం బాగా లేదు, అమ్మ మాట పట్టించుకోకపోయినా మేము ఏమీ అనం" అంది. ఆ పిల్ల మర్యాద నాకు తల్లి కోపం కంటే కష్టంగా తగిలింది.

10. కనుక నా ఆదేశాలు ఇవి. ఈ నెల 15వ తేదీ ఆదివారం నేను రెంటచింతల వెళ్లి చెబుతాను. ఈలోగా నేను చనిపోతే, అదే రోజు అదే చోట కృపాదానంగారు ఈ వీలునామా 5, 6, 7 క్లాజులు ఒక్క అక్షరం వదలకుండా చదవాలి. పుల్లారావుగారి ఉత్తరాన్ని దాచవద్దు. ఎవరు దావా వేసినా మొట్టమొదట దాన్నే కోర్టులో పెట్టాలి. దానివల్ల నా పేరు పోతే పోనివ్వాలి.

బండి నిర్మలకు చెందుతుంది. ఉంచుకోవడం, అమ్మడం, తగలబెట్టడం ఆమె ఇష్టం. బండితో పాటు నా దగ్గర ఉండిపోయిన అంతోని కళ్లజోడు కూడా ఆమెదే. ఒక అద్దం పగిలింది. దాన్ని నేను మార్చలేదు.

నా మర్ఫీ రేడియో షంషాద్‌కు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఈ సంగతంతా ఆమెకు చెప్పాను. విని, "నిద్రలో మీరు అతన్ని పిలుస్తుంటే ఏదో ఉందనుకున్నాను" అని మాత్రం అంది. తర్వాత లేచి నాకు మందు ఇచ్చింది.

11. ఫరీద్ సంతకం పెట్టకపోవడానికి కారణం కూడా వ్రాయడం న్యాయం. "నా ఉద్యోగం పోతది అబ్బా. ముగ్గురు పిల్లలు. మీరు చేసినదానికి నేనెందుకు పోగొట్టుకోవాలి?" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. వాణ్ణి ఎవరూ బలవంతపెట్టవద్దు. వాడు ఒప్పుకోకపోతే చట్టం ఎంతవరకు ఇవ్వనిస్తే అంతవరకే నిర్మలకు ఇవ్వాలి.

ఇది నాకు చదివి వినిపించగా, సరిగా ఉందని ఒప్పుకుని చేసిన సంతకం.

(సం.) షేక్ గులాం మొహిద్దీన్
ఒప్పుకున్న వారసులు: షంషాద్ బేగం (వేలిముద్ర), ముంతాజ్ (సం.)
సాక్షులు: 1. జాన్ సాహెబ్, దర్జీ. 2. రంగనాయకమ్మ, రిటైర్డు నర్సు.

పై వీలునామాకు అనుబంధం. 1987 మార్చి 18వ తేదీ, బుధవారం.

నేను బతికే ఉన్నాను. 10వ క్లాజులో చెప్పినది జరిగింది కనుక, జరిగిన విధం వ్రాయిస్తున్నాను.

శనివారం బండిని లారీ మీద మాచర్ల చేర్చాం. తోలడానికి సత్తెనపల్లి నుంచి అల్లుడు రావాల్సి ఉంది. ఆదివారం పొద్దున స్టేషను బయట వాడి కోసం చూస్తుంటే ఫరీద్ బస్సు దిగి వచ్చాడు. "బావను రావద్దన్నాను. ఎక్కండి" అన్నాడు. మిల్లులో రాజీనామా ఇచ్చి వచ్చానని అప్పుడు చెప్పలేదు. తర్వాత తెలిసింది.

నేను పక్క సీట్లో కూర్చున్నాను. మాచర్ల దాటగానే ఆనందరావుగారి జీపు వెనక పడింది. రెండుసార్లు ముందుకు వచ్చి అడ్డం కోసింది. ఫరీద్ రెండుసార్లూ బ్రేకు తొక్కాడు. రెండుసార్లూ బండి నిలిచింది. నా ఛాతీలో బిగపట్టింది. నాలిక కింద మాత్ర పెట్టుకున్నాను. "ఆపమంటారా?" అని ఫరీద్ అడిగాడు. "పోనీ" అన్నాను.

గుడి ముందు జనం పూజ అయి నిలబడ్డారు. మూడు వందల మంది ఉంటారు. ఎడ్లబండిలో ఆ రోజు ఉన్న తొమ్మిది మందిలో నాగేంద్రమ్మ అనే ముసలామె కూడా వచ్చింది. నేను నిలబడలేక బానెట్టుకు ఆనుకుని చెప్పాను. తీగ సంగతి, సీసా సంగతి, సాక్ష్యం సంగతి, షెడ్డులో అంతోని అడిగిన ప్రశ్న, నేను ఇచ్చిన జవాబు. "అంతోని తాగలేదు. బ్రేకు తొక్కాడు. అది తెగుతుందని నాకు తెలుసు" అని మూడుసార్లు చెప్పాను, వెనక ఉన్నవాళ్లకు వినపడలేదని.

ఆనందరావుగారు జీపు దిగి, "చచ్చినవాళ్ల మీద ఏమైనా చెప్తావు!" అని అరిచారు. నేను ఉత్తరం తీసి ఫాదరుగారి చేతికి ఇచ్చాను. ఆయన తేదీ పైకి చదివారు. ఒక కుర్రాడు రాయి తీశాడు. ఎవరి మీద వేయాలనుకున్నాడో నాకు తెలియదు, నా మీదనైనా కావచ్చు. నిర్మల వాడి చెయ్యి పట్టుకుంది. జీపు వెళ్లిపోయింది. నిన్న బండి కోసం దావా నోటీసు వచ్చింది. లాయరుగారు చూసుకుంటున్నారు. నా అబద్ధపు సాక్ష్యం గురించి నేనే పోలీసులకు వ్రాతమూలకంగా ఇచ్చాను. వాళ్లు ఏం చేస్తారో తెలియదు.

రూతమ్మ అంతసేపూ గుడి మెట్ల మీద కూర్చుని ఉంది. నా మాట అయిపోయాక లేచి, నావైపు చూడకుండా, జనం మధ్యకు వెళ్లి నిలబడింది. ఒక్కొక్కరి మొహం చూస్తూ అడిగింది.

"విన్నారుగా? ఇరవై తొమ్మిదేళ్లు తాగుబోతు పెళ్లామన్నారు. నేనూ అట్టనే అనుకున్నా. ఇప్పుడు అనండి. ఎవరైనా అనండి, వింటా."

నాగేంద్రమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

తర్వాత రూతమ్మ నా దగ్గరికి వచ్చింది. క్షమించానని అనలేదు. అననందుకు నాకు బాధ లేదు. "మొహం పాలిపోయింది. ఎండలో నిలబడమాక, ఇంటికి పో" అంది. బండిని తగలబెట్టలేదు. నిర్మల దాన్ని స్మశానం దాకా తోలిపెట్టమని ఫరీద్‌ను అడిగింది. అంతోని సమాధి గోడ పక్కన ఆపారు. మేం బస్సులో నరసరావుపేట వచ్చాం.

ఇందువల్ల బండిని నేను బతికుండగానే, 15-3-1987 నాడు, నిర్మలకు అప్పగించినట్టు భావించాలి. మిగతా క్లాజులు యథాతథంగా ఉంటాయి.

(సం.) షేక్ గులాం మొహిద్దీన్
సాక్షులు: 1. కృపాదానం. 2. జాన్ సాహెబ్.

నేను, షేక్ ఫరీద్, వీలునామా, అనుబంధం రెండూ చదివాను. బండి మీద నాకు, నా పిల్లలకు ఏ హక్కూ లేదని ఒప్పుకుంటున్నాను. దావాలో మా అబ్బ తరఫున సాక్షిగా నా పేరు వేయమని లాయరుగారికి చెప్పాను.

(సం.) షేక్ ఫరీద్
నరసరావుపేట, 18-3-1987